పాత గార్డెన్ ట్రాక్టర్: ఇరవై నిమిషాలు బాగా నడిచి, బరువు పడగానే ఆగిపోతోంది

ప్రశ్న: నెమ్మదిగేరు

అందరికీ నమస్కారం. నా దగ్గర 1960ల నాటి గార్డెన్ ట్రాక్టర్ ఒకటి ఉంది. దానికి పోత ఇనుముతో చేసిన, గాలితో చల్లబడే సింగిల్ సిలిండర్ పెట్రోలు ఇంజను ఉంది. శక్తి 12 హార్స్‌పవర్. ట్యాంకు కార్బురేటర్ కంటే సుమారు అడుగు ఎత్తులో ఉండడం వల్ల పంపు అవసరం లేదు, పెట్రోలు తన బరువుతో తానే కిందికి దిగుతుంది. ట్యాంకు అడుగున ఒక ఇత్తడి కాక్ (చిన్న కొళాయి), దాని నుంచి రబ్బరు పైపు, మధ్యలో ఫిల్టర్, చివర కార్బురేటర్. ఇంతకు మించి ఏమీ లేదు కనుక సమస్య కూడా చిన్నదే అయి ఉంటుందని మొదట అనుకున్నాను.

చల్లగా ఉన్నప్పుడు చోక్ (కార్బురేటర్‌లోకి వెళ్లే గాలిని తగ్గించే మూత) లాగి తాళం తిప్పితే రెండో ప్రయత్నంలోనే ఇంజను అందుకుంటుంది. ఖాళీగా ఎంతసేపు తిరిగినా ఏ ఇబ్బందీ పెట్టదు. గడ్డి కోసే డెక్ కలిపి ఒత్తు గడ్డిలోకి దించితే మాత్రం ఇరవై నిమిషాల తరువాత చప్పుడు మారుతుంది. ముందు వేగం పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంది, తరువాత ఒకటి రెండు సార్లు కార్బురేటర్ లోపలికి తుమ్మినట్టు శబ్దం చేస్తుంది, ఆ వెంటనే ఆగిపోతుంది. ఊగడం మొదలైనప్పుడు చోక్‌ను సగం మూస్తే మరో నిమిషం పాటు ప్రాణం నిలుస్తుంది. ఆగాక పావుగంట వదిలేస్తే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది, కానీ రెండోసారి పది నిమిషాలకే ఆగుతుంది.

ఇప్పటివరకు కార్బురేటర్‌ను రెండుసార్లు విప్పి, జెట్లన్నీ (పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాలు) ద్రావకంతో కడిగి, గాలి కొట్టి, కొత్త గాస్కెట్లు, కొత్త ఫ్లోట్ నీడిల్ (కార్బురేటర్ గిన్నె నిండగానే పెట్రోలు దారిని మూసే సూది) వేశాను. స్పార్క్ ప్లగ్, కాగితపు ఫిల్టర్ కూడా కొత్తవే. ఇంజనుకు ఎంత పెట్రోలు వెళ్లాలో సర్దే మెయిన్ నీడిల్‌ను మాన్యువల్ చెప్పినదాని కంటే ముప్పావు చుట్టు అదనంగా తెరిస్తే కాస్త నయమనిపించింది గాని రోగం పోలేదు. కాక్‌ను ఎప్పుడూ తెరిచే ఉంచుతాను. దాన్ని ఇటూ అటూ తిప్పితే కారడం మొదలవుతుందని భయం. మూడోసారి కార్బురేటర్ విప్పే ముందు మీ సలహా తీసుకోవాలనిపించింది.

జవాబు: పాతఇనుము

నమస్కారం నెమ్మదిగేరు గారూ. దయచేసి మూడోసారి విప్పకండి. రెండుసార్లు శుభ్రం చేసిన కార్బురేటర్ మొదటి ఇరవై నిమిషాలు ఒత్తు గడ్డిలో కూడా సరిగా పనిచేస్తోందంటే, జెట్లు తెరిచే ఉన్నాయని అదే సాక్ష్యం చెబుతోంది. మూసుకుపోయిన జెట్ మొదటి నిమిషం నుంచే మూసుకుపోయి ఉంటుంది.

చోక్ మూస్తే కోలుకోవడం, కార్బురేటర్‌లోకి తుమ్మడం ఈ రెండూ మిశ్రమంలో పెట్రోలు తక్కువైందని చెప్పే గుర్తులు. ఎక్కడో అదనపు గాలి చొరబడుతోందా, లేక పెట్రోలే అందడం లేదా అన్నది తరువాతి ప్రశ్న. గాలి చొరబాటు అయితే సాధారణంగా ఖాళీగా తిరిగేటప్పుడే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. మీ ఇంజను ఖాళీగా హాయిగా తిరుగుతూ బరువు మీదనే అలసిపోతోంది కనుక, నా అనుమానం ట్యాంకు నుంచి ఫ్లోట్ గిన్నె (కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే చిన్న గిన్నె; లోపల తేలే ఫ్లోట్ దాని మట్టాన్ని కాపాడుతుంది) వరకు ఉన్న దారి మీద.

లెక్క కూడా ఈ మాటే చెబుతుంది. ఈ తరహా 12 హార్స్‌పవర్ ఇంజను పూర్తి బరువు మీద గంటకు దాదాపు నాలుగున్నర లీటర్లు, అంటే నిమిషానికి 75 మిల్లీలీటర్ల పెట్రోలు తాగుతుంది. ఖాళీగా తిరిగేటప్పుడు అందులో చిన్న వంతు చాలు. కాబట్టి దారి సగానికి పైగా పూడుకుపోయినా ఖాళీ ఇంజనుకు ఆ సంగతే తెలియదు. ఇక అడుగు ఎత్తున ఉన్న పెట్రోలు ఇచ్చే ఒత్తిడి చదరపు అంగుళానికి పౌనులో మూడో వంతు కూడా ఉండదు. అంత బలహీనమైన తోపుకు చిన్న అడ్డంకి కూడా గోడ లాంటిదే.

వరుసగా మూడు పరీక్షలు చేయండి. ఒక్కో పరీక్షకు ఒక్క మార్పు మాత్రమే చేయండి.

మొదటిది ట్యాంకు మూత. మూతలోని గాలి రంధ్రం పూడుకుపోతే పెట్రోలు దిగిన కొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి ప్రవాహాన్ని పట్టి ఆపేస్తుంది. ఊగడం మొదలవగానే మూతను కాస్త వదులు చేయండి. నిమిషంలో కోలుకుంటే దొంగ దొరికినట్టే. ఇందులో ఇంకొక ఆనవాలు ఉంది: మూత దోషమే అయితే నిండు ట్యాంకుతో త్వరగా, సగం ట్యాంకుతో ఆలస్యంగా ఆగుతుంది, ఎందుకంటే పైన ఉన్న గాలి జాగా ఎంత తక్కువైతే శూన్యం అంత త్వరగా పెరుగుతుంది.

రెండోది ఫ్లోట్ గిన్నె. ఇంజను ఆగిన మరుక్షణం కాక్ మూసేయండి, మళ్లీ స్టార్ట్ చేయకండి. వేడి సైలెన్సర్ పక్కన పెట్రోలు ఒలికించడం ప్రాణాంతకం కనుక, పూర్తిగా చల్లబడే వరకు ఆగి, అప్పుడు గిన్నె అడుగు బోల్టు విప్పి ఎంత వస్తుందో కొలవండి. నిండు గిన్నెలో ఎంత పడుతుందో ముందే కొలిచి పెట్టుకుంటే పోల్చడం తేలిక. పైపులో మిగిలిన కొన్ని చుక్కలు చేరినా, వేడికి కొంత ఆవిరైనా తేడా స్పష్టంగానే కనిపిస్తుంది.

మూడోది ప్రవాహం. కార్బురేటర్ దగ్గర పైపు విప్పి, ఆరుబయట, చల్లని ఇంజను మీద, బ్యాటరీ తీగ తొలగించి, కొలత గీతలున్న డబ్బాలోకి పెట్రోలు వదలండి. ఒక నిమిషం చూసి ఆపేయకండి, కనీసం అయిదు నిమిషాలు వదిలి ఏ నిమిషానికి ఆ నిమిషం రాసుకోండి. చాలామంది ధార చూసి తృప్తిపడి పైపు బిగించేస్తారు. మీ ట్రాక్టర్ ఇరవై నిమిషాల తరువాత కదా ఆగుతున్నది.

జవాబు: చోక్‌లివర్

పైన చెప్పినదంతా సబబే. దానికి నా అనుభవంలోని ఒక మాట కలుపుతాను. కొత్త ఫిల్టర్ వేశామంటే ఫిల్టర్ మీద అనుమానం తీరిపోయిందని అనుకుంటాం. నా ట్రాక్టర్‌కు రోగం తెచ్చిందే కొత్త ఫిల్టర్. పంపు ఉన్న ఇంజన్ల కోసం చేసిన సన్నని కాగితపు ఫిల్టర్‌ను పంపు లేని ఇంజనుకు బిగించాను. పంపు తోపుకు ఆ కాగితం లెక్కలోకి రాదు గాని, బరువుతో దిగే పెట్రోలుకు అదే పెద్ద అడ్డు. పైగా ఫిల్టర్‌లో గాలి బుడగ చిక్కుకుంటే కాగితంలో సగం భాగం తడవనే తడవదు. గురుత్వాకర్షణతో నడిచే ఇంజన్లకు జాలీ ఉన్న ముతక ఫిల్టర్లు వేరుగా దొరుకుతాయి, అవే వాడాలి.

రబ్బరు పైపును కూడా వదలకండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాతకాలపు రబ్బరును లోపలి నుంచి మెత్తబరుస్తుంది. పైన నున్నగా కనిపించే పైపును నిలువునా కోసి చూస్తే లోపలి పొర ఉబ్బి, సూది పట్టేంత దారే మిగిలి ఉండడం నేను కళ్లారా చూశాను. కొత్తది కొనేటప్పుడు పైపు మీద ఎస్ఏఈ జె30 ఆర్7 లేదా అంతకంటే మెరుగైన ఆర్9 అన్న ముద్ర ఉందేమో చూడండి. ఆ పైపు సైలెన్సర్ పక్కగా పోతుంటే దారి మార్చండి. పెట్రోలులోని తేలిక భాగాలు 40 డిగ్రీల చుట్టుపక్కలే మరగడం మొదలుపెడతాయి, ఆ ఆవిరి బుడగ పైపు వంపులో కూర్చుంటే దాన్ని నెట్టే బలం అడుగు ఎత్తు పెట్రోలుకు లేదు.

జవాబు: పాయింట్లుప్లగ్గులు

నేను కాస్త విభేదిస్తాను. వేడెక్కాక ఆగడం, పావుగంట చల్లబడ్డాక మళ్లీ స్టార్టవడం అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ప్లగ్‌కు నిప్పురవ్వ కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్, ఆ తరువాత దానికి తోడుగా పనిచేసే కండెన్సర్. కాయిల్ లోపలి తీగచుట్ట వేడికి తెగి, చల్లబడ్డాక మళ్లీ అతుక్కున్నట్టు ప్రవర్తిస్తుంది. కార్బురేటర్ రోగాల్లో సగం కరెంటు రోగాలేనని పాత మెకానిక్కులు ఊరికే అనరు.

చోక్‌తో కోలుకోవడం పెట్రోలు లోటునే సూచిస్తుందని ఒప్పుకుంటాను. అయినా పది నిమిషాల పనితో తేలిపోయే అనుమానాన్ని మిగిల్చుకోవడం దేనికి? ప్లగ్‌కూ తీగకూ మధ్య బిగించే స్పార్క్ టెస్టర్ పెట్టి నడపండి. ఇంజను ఆగుతున్న క్షణంలో దీపం ముందే ఆరిపోయిందా, లేక చక్రం చివరి తిరుగుడు దాకా మెరుస్తూనే ఉందా అన్నది చూడండి. ఎండలో దీపం కనబడదు కనుక దాని చుట్టూ నల్ల గుడ్డ చుట్టుకోవాలి. నేను మొదటిసారి ఆ సంగతి తెలియక మంచి కాయిల్‌ను తీసి పారేశాను.

ఇంకొక మాట. కాక్ ఎప్పుడూ తెరిచే ఉంచుతానని రాశారు. ఆయిల్ మట్టం ఈ మధ్య చూశారా?

నెమ్మదిగేరు

ముగ్గురికీ ధన్యవాదాలు. రెండు రోజులు వరుసగా పరీక్షించి కాగితం మీద రాసుకున్నవి ఇక్కడ పెడుతున్నాను.

స్పార్క్ టెస్టర్ దీపం చివరి తిరుగుడు దాకా మెరుస్తూనే ఉంది. మూత వదులు చేసినా, చివరకు పూర్తిగా తీసేసినా ఏ మార్పూ లేదు. నిండు గిన్నెలో 45 మిల్లీలీటర్లు పట్టింది; ఇంజను ఆగాక కాక్ మూసి, చల్లబడ్డాక తీస్తే 10 మిల్లీలీటర్లకు మించి రాలేదు.

ప్రవాహ పరీక్ష నన్ను ఆశ్చర్యపరిచింది. మొదటి నిమిషంలో 210 మిల్లీలీటర్లు దిగితే, మూడో నిమిషంలో 60, అయిదో నిమిషానికి చుక్కలు చుక్కలుగా మారింది. ఫిల్టర్ తీసేసి చేస్తే మొదటి నిమిషం ధార బాగా పెరిగింది గాని తగ్గే తీరు మారలేదు. పైపు కూడా తీసేసి నేరుగా కాక్ నుంచి వదిలినా అంతే. అప్పుడు సైకిలు పంపుతో కాక్‌లోకి మెల్లగా గాలి కొడితే ట్యాంకులో బుడబుడమని బుడగలు వచ్చి, ధార మళ్లీ మొదటంత బలంగా వచ్చింది, మూడు నిమిషాల్లో మళ్లీ సన్నబడింది. అంటే అడ్డం వచ్చేదేదో ట్యాంకులోనే కదులుతోందన్న మాట. రేపు ట్యాంకు దించుతాను.

ఆయిల్ సంగతి అడిగినవారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. గేజి పుల్ల మీద పై గీత కంటే వేలెడు ఎత్తున ఉంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోలు వాసన గుప్పుమంది.

జవాబు: పాయింట్లుప్లగ్గులు

కాయిల్ నిర్దోషి అని తేలింది, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఆయిల్ మార్చేవరకు ఇంజనును ఒక్క తిప్పు కూడా తిప్పకండి. పెట్రోలు కలిసిన ఆయిల్‌కు పల్చదనం వచ్చి బేరింగ్‌ను కాపాడలేదు. అంతకంటే ముఖ్యంగా, ఆయిల్ ఉండే క్రాంక్ కేసులో పెట్రోలు ఆవిరి నిండి ఉంటుంది, అది అంటుకుంటే ఇంజనుతోపాటు మనిషికీ ప్రమాదమే.

పంపు ఉన్న ఇంజను అయితే పంపు డయాఫ్రం చిరిగి ఇలా జరుగుతుంది. మీకు పంపు లేదు కనుక దారి ఒక్కటే: ఫ్లోట్ నీడిల్ పూర్తిగా మూసుకోక, రాత్రంతా గిన్నె పొర్లి, ఇన్‌టేక్ గుండా సిలిండర్‌లోకి, రింగుల పక్కగా ఆయిల్‌లోకి దిగుతోంది.

జవాబు: పాతఇనుము

ట్యాంకు దించేముందు ఒక హెచ్చరిక. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకు ప్రమాదకరం, ఎందుకంటే మండేది ద్రవం కాదు, గాలితో కలిసిన ఆవిరి. ఆ ఆవిరి గాలి కంటే బరువైనది కనుక నేల మీదుగా పాకుతూ దూరాన ఉన్న నిప్పును వెతుక్కుంటూ పోతుంది. మూసిన గదిలో ఈ పని పెట్టుకోకండి, ట్యాంకు దగ్గరకు ఏ వెల్డింగు మంటనూ రానివ్వకండి, లోపలికి చూడడానికి నిప్పురవ్వ రాని టార్చి మాత్రమే వాడండి.

కాక్‌ను మర తిప్పి విప్పితే దానికి నిలువు గొట్టం, దాని చుట్టూ సన్న జాలీ ఉంటాయి. జాలీ మీద తుప్పు పొడి ఉంటే సరే. ఏమీ కనిపించకపోతే ట్యాంకు అడుగును వేలితో తడిమి చూడండి.

నెమ్మదిగేరు

దొరికింది. జాలీ శుభ్రంగానే ఉంది. కానీ కాక్ బిగించే రంధ్రం పక్కన వేలికి మెత్తగా ఏదో తగిలింది. టార్చి వేసి చూస్తే, బొటనవేలి గోరంత పొర ఒకటి తేనె రంగులో, ఒక అంచు ట్యాంకుకు అతుక్కుని, మరో అంచు తలుపు రెక్కలా ఆడుతోంది. నాకంటే ముందు ఈ ట్రాక్టర్ ఉన్నవారెవరో తుప్పు పట్టకుండా ట్యాంకు లోపల పూత పోయించినట్టున్నారు. ఏళ్ల తరబడి ఇథనాల్ పెట్రోలులో నాని అది పొరలుపొరలుగా లేస్తోంది. పెట్రోలు వేగంగా దిగినప్పుడు ఆ రెక్క వచ్చి జాలీకి అంటుకుంటుంది, ఇంజను ఆగి ప్రవాహం నిలిచాక మెల్లగా విడిపోతుంది. పావుగంట విశ్రాంతి రహస్యం అదన్న మాట. ఖాళీగా తిరిగేటప్పుడు లాగుడు అంత లేదు కనుక రెక్క కదలనే లేదు.

పట్టుకారుతో లేచినంత పొర లాగేశాను. మిగిలినది ఎసిటోన్‌కు మెత్తబడితే కడిగేసి, రెండుసార్లు కొత్త పెట్రోలుతో జాడించి పారబోశాను. మళ్లీ పూత వేయించలేదు. ఇప్పుడు పది నిమిషాలు వదిలినా నిమిషానికి 300 మిల్లీలీటర్లకు తగ్గడం లేదు. ఫిల్టర్ స్థానంలో ముతక జాలీది, పైపు ఆర్7 ముద్ర ఉన్నది పెట్టాను, ఆయిల్ మార్చాను.

అయితే ఇప్పుడు రెండు కొత్త సంగతులు. ఇంజను ఆగడం లేదు గాని నల్లపొగ వస్తోంది, ప్లగ్ మసిబారింది. ఇంజను ఆపి కాక్ తెరిచి ఉంచితే పది నిమిషాల్లో ఎయిర్ క్లీనర్ వైపు నుంచి చుక్కలు కారుతున్నాయి. ఫ్లోట్ నీడిల్ కొత్తదే కదా!

జవాబు: పాతఇనుము

నల్లపొగకు సగం కారణం మీరే. పెట్రోలు అందని రోజుల్లో మెయిన్ నీడిల్‌ను ముప్పావు చుట్టు అదనంగా తెరిచారు. ఇప్పుడు దారి తెరుచుకుంది, ఆ అదనం అలాగే ఉండిపోయింది. నీడిల్‌ను వేళ్ల బలంతో మెల్లగా ఆనేవరకు మూసి, మాన్యువల్ చెప్పినన్ని చుట్లు తెరవండి. గట్టిగా బిగిస్తే మొనకు గీత పడుతుంది, ఆ తరువాత అది ఏ సర్దుబాటుకూ లొంగదు. తరువాత ఇంజను బాగా వేడెక్కాక, పూర్తి వేగంలో, ఎనిమిదో వంతు చుట్టు చొప్పున మూస్తూ వేగం తడబడే చోటును, తెరుస్తూ పొగతో మొరటుగా తిరిగే చోటును గుర్తుపెట్టుకుని, రెండింటి మధ్యన, కాస్త తెరిచిన వైపుగా ఉంచండి. చివరి తీర్పు మాత్రం ఒత్తు గడ్డిలోనే.

మిగతా సగం ఫ్లోట్ అనుకుంటాను. ఫ్లోట్ నీడిల్ కొత్తదైనా దాన్ని పైకి నొక్కి మూయాల్సింది ఫ్లోట్ కదా. ఇత్తడి ఫ్లోట్‌ను తీసి చెవి దగ్గర ఆడించండి. లోపల ద్రవం గలగలమంటే అది తేలడం మానేసి మునుగుతోందని అర్థం. ఏమీ వినిపించకపోతే వేడినీళ్లలో ముంచి పట్టుకోండి, లోపలి గాలి వ్యాకోచించి చిల్లు ఉన్న చోట బుడగలు వదులుతుంది.

జవాబు: చోక్‌లివర్

చిల్లు కనబడితే టంకం వేయాలని చేయి దురద పెడుతుంది, వద్దు. లోపల పెట్రోలు చిక్కుకున్న ఫ్లోట్ మీద వేడి పెట్టడమే ప్రమాదం, పైగా టంకం బరువుకు ఫ్లోట్ మట్టం మారిపోతుంది. కొత్త ఫ్లోట్ వేసి, మాన్యువల్ చెప్పిన ఎత్తుకు దాని మీద ఉండే చిన్న రేకు నాలుకను వంచుకోండి.

నెమ్మదిగేరు

చెవి దగ్గర ఆడిస్తే స్పష్టంగా గలగలమంది. వేడినీళ్లలో ముంచగానే అతుకు వెంబడి సన్నని బుడగల వరుస లేచింది. రెండుసార్లు కార్బురేటర్ విప్పినప్పుడూ ఆ ఫ్లోట్‌ను చేతిలో పట్టుకునే ఉన్నాను, గుడ్డతో తుడిచి తిరిగి పెట్టాను.

కొత్త ఫ్లోట్ వేసి మట్టం సరిచేశాను. కాక్ తెరిచి గంటసేపు కింద కాగితం పరిచి చూస్తే ఒక్క చుక్క పడలేదు. మెయిన్ నీడిల్ మాన్యువల్ చెప్పిన చోటుకు ఎనిమిదో వంతు చుట్టు అటుగా కుదిరింది. నిన్న డెక్ కలిపి గంటా నలభై నిమిషాలు ఆపకుండా కోశాను. చోక్ ముట్టుకోలేదు, ప్లగ్ లేత గోధుమరంగుకు తిరిగింది. కాక్ కారుతుందన్న భయం మాత్రం నిజమే అయింది, మూయడం మొదలుపెట్టాక దాని కార్క్ వాషరు చెమ్మగిల్లుతోంది. కొత్త వాషరు తెప్పిస్తున్నాను. అది వచ్చేవరకు కోత అయ్యాక కాక్ మూసి, గిన్నెలోని పెట్రోలు అయిపోయి ఇంజను తానే ఆగేదాకా తిప్పి, ట్యాంకులో మిగిలిన పెట్రోలును డబ్బాలోకి తీసి పెడుతున్నాను.